సోఫా నిండా పల్లేరుకాయలు

ఈ రోజు చొప్పదండి నుంచి మల్లయ్య కాక కరీంనగర్‌లోని మా ఆఫీసుకు వచ్చారు. ఆయన కట్టబోయే ఇంటి హాలు ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో చూపించాలి. సోఫాకు గొంగడి గుడ్డే కావాలన్నారు. ఒక గొర్ల కాపరిని అడిగి ఎప్పుడో తీసుకున్న గొంగడి ఫోటో నా దగ్గర ఉంది. అందులో జానెడు ముక్కనే మళ్లీ మళ్లీ పక్కపక్కన పేర్చి, అతుకు తెలియకుండా సోఫా అంతా పరిచాను. అతుకు ఎక్కడ బయటపడుతుందోనని పొద్దుటి నుంచి బొమ్మను పెద్దది చేసి చూస్తూనే ఉన్నాను.

కాక స్క్రీన్ మీదికి వంగి గోటితో గీకారు.

"గిది పల్లేరుకాయ గదా బిడ్డా. గిక్కడ గూడ ఉన్నది. గాడ గూడ."

గొంగడికి అంటుకున్న ఒక్క ముళ్ల కాయ సోఫా నిండా వరుసలు కట్టింది. ఇన్నాళ్లూ అతుకులే వెతికాను గానీ, దాన్ని చూడనే లేదు.

"సాఫ్ చేస్త కాకా," అన్నాను.

"జర మంచిగ దులుపు. మనుమలు కూసుంటరు."

ఆయన వెళ్లగానే తుడిచేశాను. ఫికర్ మాత్రం పోలేదు. పోయిన నెల ఇదే గుడ్డతో హుస్నాబాద్‌లో ఇద్దరికి సోఫా బొమ్మలు చేసి పంపాను. ఇంతవరకు ఒక్క ఫోనూ రాలే. చూడలేదో, చూసి ఇంకో డిజైనర్ దగ్గరికి పోయారో. నేనే ఫోన్ చేసి ముళ్ల సంగతి చెప్పాలా? మీరైతే ఏం చేస్తారు?