మా చెల్క మీద మొలిచిన గుట్ట

తాండూరుల ఇండ్లు ఎక్కడ కట్టాలె, ఫ్యాక్టరీలు ఎక్కడ పెట్టాలె అని తేల్చడానికి కొత్తగా కమిటీ వేసిండ్రంటే అందరికంటే ఎక్కువ సంబురపడ్డది నేనే. పొద్దుగాల రైలెక్కి వికారాబాద్‌ల మీటింగుకు పోయిన. గోడకు పెద్ద నక్ష అంటించిండ్రు. అండ్ల మా చెల్క కోసం వెతికిన. లేదు. ఆ జాగల ఆకుపచ్చ రంగేసి "గుట్ట" అని రాసిండ్రు.

నా ఒళ్లు మండిపోయింది. మా నాయిన కంది పండించిన చెల్క అది. పక్కన నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలోళ్లు, ఎంత మొత్తుకున్నా వినకుండ, ఏండ్లకేండ్లు రాళ్ల ముక్కలు, తెల్ల బురద దాని మీదనే పారబోసిండ్రు.

"సారూ, అది గుట్ట కాదు, చెత్త. దాని కింద మా చెల్క ఉన్నది" అన్న.

నక్ష గీసినాయన కంప్యూటర్ల చూసి, "పైనుంచి తీసిన ఫొటోలో గుట్టే కనిపిస్తోందమ్మా" అన్నడు.

"పైనుంచి ఎందుకు చూస్తరు? రైలెక్కితే ఒక్క గంటల తాండూరొస్తది. వచ్చి కండ్లతోని చూడుండ్రి!" అని అరిచిన. కమిటీల తాండూరు మనిషి ఒక్కడు లేడు. అభ్యంతరం రాసియ్యమన్నరు. రాసిచ్చిన.

మొన్న చెల్క కాడికి పోతే కొత్త బోర్డు పాతి ఉన్నది. గుట్టను కాపాడాలెనట, ఒక్క రాయి తీసినా కేసు పెడతరట. నేనింకా అది చదువుతనే ఉన్న, ఫ్యాక్టరీ ట్రాక్టరొచ్చి ఆ బోర్డు పక్కనే ఇంకో లోడు కుమ్మరించి పోయింది.