ఏడు గ్లాసులు కలిపితే

నా చిన్నప్పుడు సిమెంటు అడగ్గానే దొరికే వస్తువు కాదు. ఎన్ని బస్తాలు కావాలో, ఎందుకు కావాలో దరఖాస్తు రాసి సర్కారు ఆఫీసులో ఇస్తే వాళ్ళు ఒక చిట్టీ రాసిచ్చేవారు. ఆ చిట్టీ చూపిస్తేనే దుకాణంలో బస్తా లేచేది. ఒకసారి తెచ్చుకున్నాక ఇంకో రెండు చాలలేదంటే మళ్ళీ నెలల తరబడి తిరగాల్సిందే. పోనీ ఎక్కువ రాసి తెచ్చుకుందామంటే, మిగిలినది వానాకాలం చెమ్మకు గడ్డకట్టి రాయైపోయేది. అందుకే జహీరాబాద్‌లో మా ఇంటి ముందు ఒక రేకుల షెడ్డు వెయ్యడానికి అంత తర్జనభర్జన జరిగింది. ఆ తర్జనభర్జనలో అందరికన్నా పెద్ద గొంతు నాదే. అప్పుడు నేను ఏడో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాను.

ఆ షెడ్డు మా మేనత్త కోసం. చిన్నతనంలోనే ఆమెకు ఒక కాలు సన్నబడింది. పెళ్ళయిన నాలుగేళ్ళకు భర్త పోతే మా నాయన వెళ్ళి ఇంటికి తీసుకొచ్చాడు. ఆమె వీధి వైపు చిన్న రేకుల పందిరి కింద కుట్టుమిషన్ పెట్టుకొని జాకెట్లు, లంగాలు కుట్టేది. కిందటేడు వానకు ముందు వచ్చిన గాలి ఆ పందిరిని గుంజలతో సహా పెరికి పారేసింది. గుంజలు ఉత్త మట్టిలో పాతినవి మరి. మిషన్ తడిసి ముద్దయింది. దాన్ని తుడిచి నడిమింట్లో ఓ మూలన పెట్టారు గానీ, మగవాళ్ళు కూర్చునే వసారా దాటి రావడానికి ఆడవాళ్ళు మొహమాటపడ్డారు. మెల్లగా గిరాకీ పోయింది. మేనత్త రోజూ సాయంత్రం మిషన్‌కు నూనె మాత్రం వేసేది. కుట్టడానికి గుడ్డ లేకపోయినా వేసేది. మా ఇంటికొచ్చాక ఆమె మా నాయనను నోరు తెరిచి అడిగింది ఈ ఒక్క షెడ్డే. అదీ మృగశిర కార్తెతో మొదలయ్యే మిరుగం వానల లోపల నిలబడాలి.

పక్కింటి మేస్త్రీ తాతను పిలిచారు. మా ఇంటి గోడలు కట్టింది ఆయనే. చదువు లేదు, సంతకం చెయ్యమంటే వేలిముద్రే. వాకిలంతా ఒకసారి నడిచి చూశాడు. పాత బోరు పైపులు ఎనిమిది గుంజలుగా నిలబెట్టాలన్నాడు. ఒక్కో గుంజకు మూరెడు వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గుండ్రటి గుంత తీసి, కాంక్రీటుతో నింపాలన్నాడు. సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర నాలుగు పాళ్ళు. వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క చూసుకొని, "ఆరు బస్తాలు రాయున్రి" అన్నాడు.

నేను ఊరుకోవచ్చు కదా! ఆ ఏడే బళ్ళో వృత్త వైశాల్యం నేర్చుకున్నాను. నోటుపుస్తకం తెచ్చి అరుగు మీద కూర్చున్నాను. మూరెడు అంటే అడుగున్నర, అందులో సగం వ్యాసార్థం. ఎనిమిది గుంతలకూ కలిపి ముప్పై అయిదు ఘనపుటడుగులు. ఏడు పాళ్ళలో ఒక పాలు సిమెంటు కాబట్టి అయిదు ఘనపుటడుగులు. బస్తాకు ఒకటింబావు పడుతుందని మేస్త్రీ తాతే చెప్పాడు. వెరసి నాలుగు బస్తాలు. అణువంత తేడా లేకుండా నాలుగు! పరుగెత్తుకెళ్ళి మా నాయనకు చూపించాను.

మా నాయన పుస్తకంలోకి చూశాడు. తర్వాత మేస్త్రీ తాత మొహంలోకి చూశాడు. చిన్నగా నవ్వి, "లెక్కల నాలుగే వస్తున్నయి. మరి ఆ రెండు ఏడికి పోతయి మేస్త్రీ సాబ్?" అన్నాడు.

ఆ నవ్వుకు అర్థం అక్కడున్న అందరికీ తెలిసింది. సిమెంటుకు కరువున్న రోజులు. ఒకరింటికని తెచ్చిన బస్తా ఇంకొకరింటికి పోయిన కథలు అందరూ విన్నవే. మేస్త్రీ తాత భుజం మీది తువ్వాలు దులుపుకొని లేచి వెళ్ళిపోయాడు. మేనత్త ఇచ్చిన చాయ్ సాసర్‌లో అలాగే మిగిలిపోయింది.

నాకు మాత్రం ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. దరఖాస్తు కూడా నాచేతే రాయించాడు మా నాయన. 'నాలుగు బస్తాలు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. సాయంత్రం జడ వేస్తూ మేనత్త ఒక్క మాట అన్నది. "ఆయన కట్టిన గోడల నడుమనే పుట్టినవు బిడ్డా. అవి కట్టేటప్పుడు సిమెంటు ఎత్కపోతే ఈ ఇల్లు ఇన్నేండ్లు నిలవడుతుండెనా?" నాకు కోపం వచ్చింది. లెక్క లెక్కే కదా అనుకున్నాను.

మర్నాడు మా నాయన ఏదో పని మీద పొద్దున్నే న్యాల్‌కల్ వెళ్ళాడు. ఆయన లేని వేళ చూసి మేస్త్రీ తాత వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చొని, పల్లికాయలు, జొన్నలు, జొన్నపిండి, ఒక గ్లాసు, ఒక పెద్ద గిన్నె కావాలన్నాడు. మేనత్త ఎందుకని అడగకుండా తెచ్చిపెట్టింది. నన్ను పిలిచి, నాలుగు గ్లాసుల పల్లికాయలు, రెండు గ్లాసుల జొన్నలు, ఒక గ్లాసు పిండి గిన్నెలో పొయ్యమన్నాడు. పోశాను. ఎన్ని గ్లాసులని అడిగితే ఏడన్నాను. బాగా కలిపి, గిన్నె తట్టి, మళ్ళీ గ్లాసుతో కొలిచి చాటలో పొయ్యమన్నాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో గ్లాసు నిండనే లేదు. గిన్నె అడుగు గోకినా నిండలేదు.

ఎక్కడైనా ఒలికిందేమోనని అరుగంతా వెతికాను. ఆయన నవ్వలేదు. చాటలో చెయ్యి పెట్టి చూపించాడు. పల్లికాయల సందుల్లో జొన్నలు దూరాయి. జొన్నల సందుల్లో పిండి దూరింది. కంకర, ఇసుక, సిమెంటు కూడా అంతే. గుంతలో ముప్పై అయిదు నిండాలంటే బయట యాభైకి పైనే పొయ్యాలి. నేను మళ్ళీ లెక్క కట్టాను. ఆరు బస్తాలు వచ్చాయి.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు చేసినందుకు కాదు, నిన్నటి చాయ్ సాసర్ గుర్తొచ్చి. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. "నీ గుంతల లెక్క బరాబర్ ఉన్నది బిడ్డా. గుంత సంగతి బడిల జెప్పిన్రు. కంకర సంగతి జెప్పలె. అది మోసినోళ్లకే తెలుస్తది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. నాయనకు మీరే చెప్పండి తాతా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "నేన్ జెప్ప. జెప్తె ఆ రెండు బస్తాల కోసమే జెప్పినట్టయితది. నువ్వే జెప్పాలె."

ఆయన వెళ్ళాక మేనత్త ఆ చాట ముందేసుకొని కూర్చుంది. పిండిని జల్లించి, జొన్నలు వేరు చేసి, పల్లికాయలు ఏరి, మూడింటినీ మూడు గిన్నెల్లో మళ్ళీ సిద్ధం చేసింది. నాయన రాగానే, చెప్పులు విప్పకముందే నేను మొదలుపెట్టాను. ఆయన నిలబడే చూశాడు. అయిదో గ్లాసు నిండకపోయేసరికి మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత నా గుండ్రటి అక్షరాల దరఖాస్తు చింపి, ఇంకో కాగితం తెమ్మన్నాడు.

ఆరు బస్తాలు వచ్చాయి. మేస్త్రీ తాతను పిలవడానికి నాయన వెళ్ళలేదు, మేనత్తే ఆ కాలుతో నడిచి వెళ్ళింది. ఆయన రానంటాడని నాకు ఒకటే భయం. వచ్చాడు. ఎనిమిది గుంతలూ నింపేసరికి పొద్దు వాలింది. ఇంకో తట్టెడు కాంక్రీటు మిగిలితే, దానితో షెడ్డు ముందు తక్కువ ఎత్తు మెట్టు ఒకటి వేశాడు. మేనత్త కాలికి అందేంత ఎత్తు. ఎవరూ అడగలేదు, ఆయనకే తోచింది. ఆ తర్వాత ఖాళీ అయిన గోనె బస్తాలు ఆరూ దులిపి, ఒక్కొక్కటే మడిచి, తెచ్చి మా నాయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

మా నాయన తప్పు ఒప్పుకోవడం అలవాటు లేని మనిషి. ఆ రోజు లేచి, సబ్బు, చెంబుతో నీళ్ళు తెచ్చి, మేస్త్రీ తాత సిమెంటు చేతుల మీద తనే పోశాడు. "తప్పయింది మేస్త్రీ సాబ్" అన్నాడు. మేస్త్రీ తాత చేతులు రుద్దుకుంటూ, తల ఎత్తకుండా, "జర సన్నగ పొయ్యి, సబ్బు కొట్టుకపోతున్నది" అన్నాడు. మేనత్త కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. ఏడాది తర్వాత ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను. ఆ పూట చాయ్ సాసర్ ఖాళీ అయింది.

మిరుగం గాలి రానే వచ్చింది. మేమంతా వసారాలోంచి చూశాం. రేకులు దడదడలాడాయి గానీ గుంజ ఒక్కటీ కదల్లేదు. ఆ చప్పుడులోనే మేనత్త మిషన్ చప్పుడు కూడా వినబడింది. ఆమె కుట్టుపని ఆపలేదు.

తర్వాత నేను లెక్కల టీచరునై ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. వృత్త వైశాల్యం చెప్పిన ప్రతిసారీ పల్లికాయలు, జొన్నలు, పిండి పట్టుకెళ్ళేదాన్ని. కానీ నాతో మిగిలింది ఆ పాఠం ఒక్కటే కాదు. నా పుస్తకంలోంచి మేస్త్రీ తాత మొహంలోకి మళ్ళిన మా నాయన చూపు ఇప్పటికీ నన్ను పొడుస్తుంది. ఆ చూపును పుట్టించింది నా లెక్కే. అందుకే ఈ వయసులో కూడా, నా లెక్కకూ ఎదుటి మనిషి మాటకూ తేడా వచ్చినప్పుడు, ఆ తేడా ఆ మనిషి సంచిలోకి పోయిందేమో అనుకోను. నాకు తెలియని ఏ సందుల్లోకి పోయిందో కాస్త చెప్పమని, ముందు చాయ్ ఇచ్చి అడుగుతాను.