దారి చూపే ఉద్యోగం

ఆ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ రెండో అంతస్తులో ఉండేది. కింద కళ్ళజోళ్ళ దుకాణం, పైన పళ్ళ డాక్టరు. మెట్లెక్కి వచ్చినవాళ్ళకు ముందుగా కనిపించేది ఆమె బల్లే. దాని మీద ఒక కంప్యూటరు, విసనకర్రలా విచ్చుకునే రంగుల నమూనాల కట్ట, ఒక టిష్యూ పేపర్ల డబ్బా. ఆ డబ్బా ఎందుకో కొత్తలో ఆమెకు అర్థం కాలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లులు అప్పుడప్పుడూ ఏడుస్తారని తర్వాత తెలిసింది. లెక్కల్లో తప్పిన కొడుకు, డాక్టరు చదువుకు సీటు రాని కూతురు, ఇక ఈ బొమ్మలే గతి అనుకుంటూ ఎక్కి వచ్చేవాళ్ళు. వాళ్ళ మొహాల్లోకి మళ్ళీ కళ తెప్పించడం ఆమె పని.

ఉద్యోగం పేరు కెరీర్ కౌన్సెలర్. ప్రకటనల కంపెనీలో ఏం చేస్తారో, కార్టూన్ సినిమాకు ఎంతమంది చేతులు కావాలో, ఫోన్లో మనం వేలితో తాకే ప్రతి తెరనూ ముందు ఎవరు గీస్తారో ఆమె నెమ్మదిగా చెప్పేది. సబ్బు పెట్టెకూ ఒక డిజైనరు ఉంటాడని, ఆసుపత్రి గోడ మీది బాణం గుర్తు వెనక కూడా ఒకరి ఆలోచన ఉంటుందని చెబితే, అప్పటిదాకా ముడుచుకుని కూర్చున్న తండ్రులు కూడా కాస్త ముందుకు జరిగేవారు. ఆమె మాటలో పట్టు ఉండేది. వాటిలో చాలా పనులు ఆమె స్వయంగా చేసి వచ్చింది. వాటి నుంచి ఎలా బయటికొచ్చిందో మాత్రం చెప్పేది కాదు.

ఆమె కూడా ఒకప్పుడు ఆ మెట్లెక్కిన పిల్లే. తండ్రి బస్సు డ్రైవరు. ఇంట్లో తెల్ల కాగితమన్నది ఆమె చేతిలో పడి బతికి బట్టకట్టేది కాదు. అన్న ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. చెల్లెలి బొమ్మలంటే అతనికి ప్రాణం. ఆమెను "కుంచె" అని పిలిచేవాడు. బొమ్మలు గీసి ఎవరు బాగుపడ్డారని తండ్రి గొణుగుతుంటే, ఆయనతో మాటలు పడి మరీ చెల్లెల్ని అక్కడ చేర్పించాడు.

చదువయ్యాక ఆమెకు దొరికిన మొదటి పని చెప్పుల ఫొటోలు కత్తిరించడం. ఇంట్లో కూర్చుని వస్తువులు కొనుక్కునేవాళ్ళ కోసం నడిచే ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో. చెప్పు చుట్టూ, లేసు చుట్టూ, లేసు దూరే ప్రతి కన్నం చుట్టూ గీత గీసి, వెనకున్న గోడను చెరిపేయాలి. పొద్దున్నుంచి సాయంత్రందాకా అదే. ఆ రోజుల్లో ఆమె మనుషులతో మాట్లాడుతూ వాళ్ళ కాళ్ళవైపు చూసేది.

తర్వాత సబ్బు పెట్టెలు. అక్కడ యజమాని అల్లుడు రోజూ వెనక నిలబడి నురగ ఇంకొంచెం సంతోషంగా ఉండాలనేవాడు. ఆమె నురగను ఎన్ని రకాలుగా సంతోషపెట్టినా చివరికి అతను మొదటిదే బాగుందనేవాడు. ఆ తర్వాత ఒక కార్టూన్ సీరియల్లో కుందేలు వెనక కనిపించే పొదలకు రంగులు వేసింది. సీరియల్ ఆగిపోయింది, పొదలతోపాటు ఆమె కూడా ఇంటికొచ్చింది.

మనసు పెట్టి చేసిన పని ఒక్కటే, పిల్లల పుస్తకానికి బొమ్మలు. చీకటంటే భయపడే గుడ్లగూబ కథ అది. ఆ గుడ్లగూబ కళ్ళ కోసం ఆమె ఎన్ని కాగితాలు చింపిందో లెక్కలేదు. పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆమె పేరు లేదు. మళ్ళీసారి తప్పకుండా వేస్తామన్నారు. ఆ మళ్ళీసారి కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాక, తనే ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళింది. ఆయన చాలా మర్యాదగా కుర్చీ చూపించి, రెండో పుస్తకం చేతిలో పెట్టాడు. అదే గుడ్లగూబ, అవే కళ్ళు. గీసింది ఆమె కాదు.

"నీ పద్ధతిలోనే కంప్యూటరు గీసి పెడుతోందమ్మా. నీ బొమ్మలే దానికి నేర్పించాం," అన్నాడు, ఆమె సంతోషిస్తుందనుకుని.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె పెన్సిలు ముట్టుకోలేదు. మెడనొప్పి అని ఇంట్లో చెప్పింది. అది కూడా నిజమే. అప్పుడే ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు ఫోన్ చేసి, అన్ని రకాల పనులూ చేసిన మనిషి మాకు దొరకడం అదృష్టమన్నాడు. ఆ పొగడ్తకు ఆమె పొంగిపోయింది. ఎక్కడా నిలవని మనిషి అని కూడా దానికి అర్థం ఉందని కొంతకాలం తర్వాతగానీ తట్టలేదు.

ఆ బల్ల దగ్గర ఆమె ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. నిజాల్లో మంచివి ఏరి చెప్పేది. ప్రతి తరగతిలోనూ ఒకళ్ళో ఇద్దరో నిజంగానే బాగుపడేవారు. వాళ్ళ కథలు ఆమెకు కంఠతా వచ్చు. మిగతావాళ్ళు ఏమయ్యారని అడిగినవాళ్ళు తక్కువ.

ఒక ఆదివారం అన్న రమ్మంటే వాళ్ళింటికి వెళ్ళింది. వరండాలో విప్పిన ఫ్రిజ్ మోటారు, గదిలో వదిన మడతపెడుతున్న బట్టల గుట్ట, మంచం నిండా పరిచిన బొమ్మలు. అన్న కూతురు గీసినవి. కుదురుగా ఒకచోట కూర్చోలేదని ఆ పిల్లను అందరూ పిచ్చుక అనేవారు. బస్సులో కునికిపాట్లు పడే మనుషులు, టిక్కెట్టు కోసం జేబులు తడుముకునే ముసలాళ్ళు, ఒంటికాలి మీద వేలాడే కాలేజీ కుర్రాళ్ళు, అన్నీ పెన్నుతో, దిద్దకుండా గీసింది. ఆ వయసులో తన చెయ్యి ఇంత బాగా తిరిగేది కాదు. చూస్తుంటే అత్తకు ముందు సంతోషమేసింది, ఆ వెంటనే భయమేసింది.

పిచ్చుకను మీ ఇన్‌స్టిట్యూట్‌లోనే చేర్పిద్దామనుకుంటున్నానని అన్న చెప్పాడు. ఆమె ఆ బొమ్మలన్నీ ఒక్కొక్కటే తీసి వరసగా పెట్టింది.

"మంచి గీత అన్నయ్యా. అందుకే చెప్తున్నా, వద్దు. ఇంకేదైనా చదివించు. బొమ్మలు ఎలాగూ గీసుకుంటుంది."

వేళాకోళమనుకుని అన్న నవ్వాడు. అప్పుడామె అన్నీ చెప్పింది. చెప్పులు, నురగ, పొదలు, గుడ్లగూబ. అవేవీ వాళ్ళకు తెలియవు. ఎప్పుడు వచ్చినా కొత్త ఉద్యోగం వచ్చిందనే చెప్పింది తప్ప, పాతది ఎలా పోయిందో చెప్పలేదు. వదిన చేతిలో చొక్కా మడత సగంలో ఆగింది.

"నువ్వు బతుకుతున్నది దాని మీదేగా?" అంది వదిన. "మా పిల్ల దాకా వచ్చేసరికి పనికిరాని చదువైపోయిందా?"

ఆమె జవాబు చెప్పేలోపు పిచ్చుక అడిగింది. "అత్తా, రోజూ వచ్చేవాళ్ళకి ఏం చెప్తావు? చేరమనేగా?"

"అవును."

"వాళ్ళకొకటి, నాకొకటా?"

"నువ్వు నా మేనకోడలివి."

"వాళ్ళంతా ఎవరో ఒకళ్ళకి మేనకోడళ్ళేగా అత్తా."

ఆమె లేచి బయల్దేరింది. గుమ్మందాకా సాగనంపడానికి వచ్చిన అన్న, నీకోసం నాన్నతో పడ్డ మాటలు ఇన్నాళ్ళూ నాకు బరువనిపించలేదు, ఇవాళ అనిపిస్తున్నాయి అని మాత్రం అన్నాడు. కుంచె అని పిలవలేదు.

ఆమె సెలవులో ఉన్న రోజు చూసి తండ్రీ కూతుళ్ళు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళారు. డైరెక్టరే దగ్గరుండి చేర్చుకున్నాడు. ఆయనకు పంట పండినట్టయింది. అప్పట్నుంచి వచ్చిన తల్లిదండ్రులందరికీ, మా కౌన్సెలర్ గారి సొంత మేనకోడలు కూడా ఇక్కడే చదువుతోందని ఆమె ఎదుటే చెప్పేవాడు. చెప్పి ఆమెవైపు చూసేవాడు. ఆమె తల ఊపేది.

వసారాలో ఎదురుపడితే పిచ్చుక ఆమెను మేడమ్ అనేది, అందరు పిల్లల్లాగే. ఆ పిలుపుకు ఆమె ఒక చిరునవ్వు అలవాటు చేసుకుంది. కానీ సాయంత్రం గదులు ఖాళీ అయ్యాక వెళ్ళి, గోడకు అంటించిన మేనకోడలి పనులు చూసేది. ఆసుపత్రిలో చదువురాని మనిషి కూడా ఎవరినీ అడగకుండా దారి కనుక్కునేలా పిచ్చుక కొన్ని గుర్తులు తయారుచేసింది. ఎముకల విభాగానికి, కళ్ళ విభాగానికి, ఆఖరికి శవాల గదికి కూడా. ఆ శవాల గది గుర్తులో ఎంత మర్యాద ఉందంటే, ఆమె దాని ముందు చాలాసేపు నిలబడింది. నేను చెప్పిందే తప్పేమో, ఈ పిల్ల గట్టెక్కుతుందేమో అని ఆశపడింది కూడా.

చదువు పూర్తయింది. ఆ ఏడాది ఉద్యోగాలిచ్చే కంపెనీలు పెద్దగా రాలేదు. చెప్పుల ఫొటోలు కత్తిరించే పనికి కూడా ఇప్పుడు మనుషులక్కర్లేదు. పిచ్చుక తనంతట తనే కంపెనీల చుట్టూ తిరిగింది. ఒకచోట, ముందు పరీక్షగా ఒక పోస్టరు చేసి తెమ్మన్నారు. నిద్ర మానుకుని, తిండి మానేసి చేసింది. వాళ్ళు మెచ్చుకుని, ఇప్పుడు ఖాళీలు లేవన్నారు. కొన్ని వారాలకు ఆ పోస్టరు ఊళ్ళో బస్టాపులన్నింట్లో వెలసింది. అన్న ఒక బస్టాపు ముందు కూతుర్ని నిలబెట్టి ఫొటో తీసి, ఆ ఫొటో అందరికీ పంపాడు, చాలా రోజుల తర్వాత చెల్లెలికి కూడా. చూడు మన పిల్ల బొమ్మ అని రాశాడు. ఫొటోలో పిచ్చుక నవ్వలేదు. దానికి పిచ్చుకకు పైసా కూడా ముట్టలేదని ఆమెకు అర్థమైంది. అన్నకు మాత్రం చాలా బాగుందని జవాబు రాసింది.

ఆ తర్వాత డైరెక్టరు ఆమెను తన గదిలోకి పిలిచి టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించడం మంచి సూచన కాదని అక్కడ పనిచేసే అందరికీ తెలుసు. పిల్లలు తమ ఈడు వాళ్ళ మాటే నమ్ముతున్నారట, నిన్నమొన్న చదువు పూర్తిచేసిన మొహం ముందు కూర్చుంటే బాగుంటుందట. మీ మేనకోడలైతే మీ ఇంటి ఉద్యోగం మీ ఇంట్లోనే ఉన్నట్టుంటుందని కూడా అన్నాడు. ఆమె టీ తాగకుండా లేచింది.

బయట మెట్ల దగ్గర పిచ్చుక నిలబడి ఉంది. "అత్తా, నేను అడగలేదు," అంది. అత్తా అని పిలిచి ఎంత కాలమైందో.

"తెలుసు. తీసుకో."

"మరి నువ్వు?"

ఏదో ఒకటి చూసుకుంటానని చెప్పి ఆమె దిగి వెళ్ళిపోయింది. మందుల సీసాల కాగితాలు అచ్చువేసే ప్రెస్సులో పని దొరికింది. భూతద్దం పెట్టుకుని చీమకాళ్ళంత అక్షరాలు సరిచూడాలి. బొమ్మలతో సంబంధం లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

కొన్నాళ్ళకు పిచ్చుక ఆమె గది వెతుక్కుంటూ వచ్చింది. కాసేపు అటూ ఇటూ చూసి మంచం అంచున కూర్చుంది. ఒక తల్లి సూటిగా అడిగిందట, ఉద్యోగం వస్తుందా రాదా అని. పిచ్చుక నీళ్ళు నమిలేసరికి ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయిందట. డైరెక్టరు కోప్పడలేదు గానీ, మీ అత్త ఏం చెప్పేదో కనుక్కో అన్నాడట.

"ఏం చెప్పేదానివి అత్తా?"

ఆవిడ వెళ్ళిపోవడమే మంచిదైందని అందామనుకుంది ఆమె. ఆ మాట నోటిదాకా వచ్చింది. మోకాళ్ళు అరిగి, ఫ్రిజ్‌లు మోయలేక, పిచ్చుక జీతం మీదే ఆధారపడి ఇంట్లో ఉంటున్న అన్న గుర్తొచ్చాడు. మాట మింగేసింది.

"జవాబు చెప్పకు," అంది. "నువ్వే అడుగు. 'మీ అబ్బాయికి ఇష్టమేనా అమ్మా?' అను. తల్లి కొడుకు వైపు తిరుగుతుంది. వాడు ఊ అంటాడు. ఇక నువ్వు మాట్లాడే పని ఉండదు."

పిచ్చుక ఆ మాటను పెదవుల మీద ఒకసారి పలికి చూసుకుంది. మళ్ళీ పైకే అంది, "మీ అబ్బాయికి ఇష్టమేనా అమ్మా?"

"గొంతు ఇంకొంచెం తగ్గించు," అంది అత్త.