అన్ని గదులూ పన్నెండు బై పది

మా బావ ఏ పని చేసినా పదిమందినీ అడిగే చేస్తాడు. ఈ మాట ఆయనే చెప్పుకుంటాడు, వీలు దొరికినప్పుడల్లా. అడగడం వరకు నిజమే. ఇంటికి రంగులు వేయించేటప్పుడు మా అక్కను అడిగాడు, పసుపు అంది. కూతుర్ని అడిగాడు, తెలుపు అంది. నాకు ఫోన్ చేసి మరీ అడిగాడు. అప్పటికే ఆకుపచ్చ రంగు డబ్బాలు వరండాలో దిగి ఉన్నాయని మాకెవరికీ తెలియదు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరి ముఖం చూసినా జ్వరం నుంచి లేచినట్టే కనిపిస్తుంది.

రంగులంటే సర్దుకుపోవచ్చు. ఈసారి వచ్చింది మా మేనకోడలి బతుకు వ్యవహారం. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. లిఫ్టులు బిగించి బాగుచేసే కంపెనీవాళ్ళు మెకానిక్‌గా రమ్మన్నారు. వస్తుందో రాదో శనివారంలోగా చెప్పాలి. పిల్ల ప్రాణమంతా ఆ పని మీదే ఉంది. బావ ఎదురుగా కూర్చోబెట్టుకుని "నీ ఇష్టమేంటో చెప్పమ్మా" అని అడిగాడు, అంతా విన్నాడు, ఆ సాయంత్రమే వెళ్ళి బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో పేరు రాయించి వచ్చాడు.

మేమిద్దరం ఒకే టైల్స్ కంపెనీలో పనిచేస్తాం. ఆయన గోడౌన్ చూస్తాడు, నేను లోడింగ్ చూస్తాను. సెక్షన్ పెద్దలందరికీ ప్రోగ్రామింగ్ నేర్పించాలని ఈమధ్య పైవాళ్ళ బుర్రలో పురుగు తొలిచింది. డ్యూటీ దిగాక క్యాంటీన్ హాల్లో, తడిగుడ్డ వాసన పోని బల్లల మీద కంప్యూటర్లు పెట్టి క్లాసు. పాఠం చెప్పేది మా మేనకోడలి వయసు అమ్మాయి. అందరం మేడమ్ అంటాం.

ఆ వారం ఫంక్షన్లు రాయడం మొదలైంది. మేడమ్ తేలిగ్గానే చెప్పింది. ఒక పని ఎలా చేయాలో ఒక్కసారి రాసి దానికో పేరు పెడతాం. ఆ పేరుతో పిలిచి వివరాలు అందిస్తే, అది పని చేసి జవాబు తెచ్చి ఇస్తుంది. ఇచ్చిన అభ్యాసం కూడా మా పొట్టకూటి లెక్కే. గది పొడవు, వెడల్పు అడుగుల్లో చెబితే అడుగు సైజు టైల్స్ ఎన్ని పడతాయో తేల్చే ఫంక్షన్ రాయాలి.

బావ అందరికంటే ముందు రాసి చెయ్యెత్తాడు. మేడమ్ వచ్చి బాత్‌రూమ్ అనుకుని ఆరు, నాలుగు ఇచ్చింది. నూట ఇరవై టైల్స్ అని వచ్చింది. సినిమా హాలు అనుకుని అరవై, నలభై ఇచ్చింది. దానికీ నూట ఇరవయ్యే. ఆమె వంగి చూసింది. పొడవు, వెడల్పు ఎంతో చెప్పమని మొదటి వరుసలో బ్రాకెట్ పెట్టి అడిగి, ఆ కిందనే పొడవు పన్నెండు, వెడల్పు పది అని బావ తనే రాసేసుకున్నాడు.

"సార్, నేనిచ్చిన కొలతలేమయ్యాయి?"

"ఉన్నాయిగా, బ్రాకెట్లో."

"అక్కడ అడిగారు సార్. లోపలికెళ్ళి వాటిని పక్కన పడేసి మీవి పెట్టుకున్నారు."

"ఇళ్ళల్లో గదులన్నీ పన్నెండు బై పదే ఉంటాయమ్మా. ఎన్నేళ్ళుగా చూస్తున్నాను! వాళ్ళు తప్పు చెప్తే? మన జాగ్రత్తలో మనముండాలి."

"మరి అడగడమెందుకు సార్?"

"అడక్కపోతే బాగుండదు కదా."

నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాను. పెళ్ళైన నాటి నుంచి మా అక్క చెప్పలేక సతమతమవుతున్న సంగతిని ఆ పిల్ల రెండు ముక్కల్లో తేల్చేసింది. మా బావకు చీమ కుట్టినట్టయినా లేదు.

శనివారమే మాకు పరీక్ష. తప్పితే పరువు పోతుందని బావకు బెంగ. గురువారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని సాధన మొదలుపెట్టాడు. నేనూ వెళ్ళాను, నేర్చుకోవడానికి కాదు, తమాషా చూడటానికి.

"ఈ రెండు లైన్లూ తీసెయ్ నాన్నా."

"తీసేస్తే కొలతలెక్కణ్ణుంచి వస్తాయి?"

"అడిగావుగా. వాళ్ళు చెప్పినవే వాడుకో."

పన్ను పీకించుకుంటున్నవాడిలా మొహం పెట్టి తీసేశాడు. ఆరు, నాలుగు ఇస్తే ఇరవై నాలుగు వచ్చింది. బావ బల్ల చరిచాడు. "చూశావట్రా! చెప్పింది చెప్పినట్టు వింటోంది!"

ఇంతకంటే మంచి సమయం దొరకదనుకుందేమో, పిల్ల గొంతు సవరించుకుంది.

"నాన్నా, ఎల్లుండిలోగా లిఫ్టు కంపెనీకి చెప్పాలి."

"చెప్పు మరి. నీ ఇష్టమేంటి?"

"వెళ్తాను."

"సరే. నువ్వు సంతోషంగా ఉండటమే నాక్కావాలి. ముందు బ్యాంకు పరీక్ష రాయి, తర్వాత చూద్దాం."

అని మళ్ళీ కీబోర్డు మీదికి వంగాడు. కొలతలు మార్చి మార్చి ఇస్తూ, సరైన జవాబు వచ్చినప్పుడల్లా మురిసిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లో అక్క గిన్నెల చప్పుడు కాస్త పెరిగింది. పిల్ల మాత్రం తండ్రి మూయడం మరిచిన బ్రాకెట్ ఒకటి మూసి, లేచి వెళ్ళిపోయింది.

పరీక్షలో మా బావే ఫస్టు. మేనేజరు నాలుగు మాటలు చెప్పమంటే, "అడిగేవాడికి వినే ఓపిక ఉండాలి" అంటూ ఉపన్యాసం దంచాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. మేడమ్ కూడా కొట్టింది, పాపం, ఆమెకు ఇంటి సంగతులేం తెలుసు.

ఆ గెలుపు ఊపులో నన్నూ వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో పిల్ల కొత్త బూట్లు తొడుక్కుని అటూ ఇటూ నడిచి చూసుకుంటోంది. ముందువైపు ఇనుము వేసిన బరువైన బూట్లు, లిఫ్టు కంపెనీవాళ్ళు ఇచ్చినవి. మధ్యాహ్నమే వెళ్ళి చేరిపోయిందని, సోమవారం నుంచే పని అని అక్క చెప్పింది.

బావ కుర్చీలో కూలబడ్డాడు. "నన్నొక్క మాటైనా అడగలేదేమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"అడిగితే ఏమంటావో తెలుసుగా నాన్నా. ఇంక అడగడం దేనికి?" అంది పిల్ల, లేసులు బిగించుకుంటూ. విసురుగా కూడా అనలేదు.

బావ అక్క వైపు చూశాడు. "చేతులు కడుక్కోండి, భోంచేద్దురు గాని" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నా వైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఆయన్ని చూసి నవ్విన నేను, ఈసారి నవ్వలేక చేతులు కడుక్కోవడానికి కుళాయి వైపు నడిచాను. ఆయన ఏమంటాడోనని ఆ ఇంట్లో ఎవరూ ఎదురుచూడటం లేదు.