తడిసిన కాయ ఎలా ఆరింది

మా మనవరాలు వరండాలో కూర్చుని గోళ్ళ రంగు తుడుచుకుంటోంది. సీసా మూత తీయగానే ఆ వాసన లోపల పేపరు చదువుకుంటున్న నా దాకా వచ్చింది. కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా, ముక్కు పైభాగంలో పట్టుకుని వదలని వాసన. సినిమా హాల్లో జీవితమంతా ఆపరేటరుగా గడిపిన నాకు అది తెగిన ఫిల్ము అతికించే సిమెంటు వాసన. పేపరు మడిచి పక్కన పెట్టాను. ఎదురుగా కొక్కేనికి పోయిన నెల నాకు కప్పిన శాలువా వేలాడుతోంది. బీరువాలో పెడతానని కోడలు అంటే నేనే వద్దన్నాను. దాన్ని చూసినప్పుడల్లా సిగ్గుతో నా చెవులు వేడెక్కుతాయి. అలా వేడెక్కడం నాకు అవసరమే అనిపించి అక్కడే ఉంచాను.

ఫిల్ము అతికించడం నాకు నేర్పింది మస్తాన్ గారు. మా ఊరు ఒంగోలు నుంచి గుంటూరు వెళ్ళే రోడ్డు పక్కన, మిరప చేలకీ పత్తి చేలకీ మధ్య ఉంటుంది. ఊరికంతటికీ ఒకటే సినిమా హాలు, దానికి ఆయన హెడ్ ఆపరేటరు. అంతకుముందు మిరప బస్తాల లారీ నడిపేవారు. నేను ఇంటర్ తప్పి, పెళ్ళి మాత్రం సకాలంలో చేసుకుని, ఏ పనీ కుదరక తిరుగుతున్న రోజుల్లో ఆయన నన్ను క్యాబిన్‌లోకి తీసుకున్నారు. మొదటి రోజే చేతిలో తెగిన ఫిల్మూ సగం బ్లేడూ పెట్టి, అతికించమన్నారు. నేను వేసిన అతుకు మెషీను దాటకముందే ఊడింది. కింద జనం ఈలలు వేస్తుంటే ఆయన తాపీగా నా పక్కన కూర్చున్నారు.

"ఒరేయ్ శేషూ, బ్లేడుతో ఒకే వైపుకి గీకు. సిమెంటు రాసి, బొటనవేలితో నొక్కి అయిదు లెక్కపెట్టు. ఆ తర్వాత అతుకు రెండు మూలలూ పిసరంత కత్తిరించు. మూల ఉంటే మెషీన్లో తట్టుకుంటది, తెర అదురుద్ది. తెర అదిరిందంటే ఆపరేటరు పరువు పోయినట్టే."

మూలలు కత్తిరించడం ఆయన సొంత పద్ధతి. చుట్టుపక్కల ఏ హాల్లోనూ అలా చేయగా నేను చూడలేదు. ఆయన పెట్టిన ఇంకో నియమం, ఫిల్ము ముక్క ఎంత చిన్నదైనా పారేయకూడదు. "ఎవడో ఎండలో నిలబడి తీసిందిరా అది" అనేవారు. మూడోది కూడా ఉంది. క్యాబిన్ గోడకు ఉండే చిన్న కంతలోంచి తెరను చూస్తుంటే నా తల పట్టుకుని కిందికి వంచేవారు. "తెర ఎప్పుడూ ఉండేదే. జనం వీపులు చూడు. సినిమా పట్టుకుందో లేదో వీపు చెప్పుద్ది." ఈ రోజుకీ పెళ్ళిలోనైనా, మీటింగులోనైనా నేను ముందు వీపులే చూస్తాను.

పదేళ్ళకు పైగా ఆయన దగ్గర పని చేశాక, ఒకరోజు తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, సినిమా తీయడానికి వెళ్ళిపోయారు. ఆయన లారీ నడిపిన రోజుల నాటి మిరపకాయల వ్యాపారి ఒకాయన డబ్బు పెట్టడానికి ముందుకొచ్చారు. మద్రాసు నుంచి ఒక కెమెరామన్ వచ్చాడు. సినిమా పేరు 'యార్డు దాకా'. ఒంటరి రైతు మనిషి ఒకావిడ తన మిరప పంటను లారీకెత్తించి, తనూ బస్తాల మీదెక్కి గుంటూరు యార్డుకు బయలుదేరుతుంది. డ్రైవరుకు ఆమెను ఎక్కించుకోవడం ఇష్టం లేదు. దారిలో వాన కురిసి కాయ తడుస్తుంది. తడిసిన కాయ అలాగే ఉంటే రంగు పోయి, ధర పలకని తాలు అయిపోతుంది కదా, అందుకని ఇద్దరూ లారీ ఆపి, బస్తాలు విప్పి, రోడ్డు మార్జిన్లో కాయ ఆరబోస్తారు. రెండు రోజులు అక్కడే ఉండి, తిరగేస్తూ ఎండబెడతారు. ఆ రెండు రోజుల్లోనే వాళ్ళ మధ్య పొరపొచ్చాలు పోయి స్నేహం కుదురుతుంది. ఆ భాగం తెర మీద ఏడు నిమిషాలు. అందులో ఒక్క మాట లేదు, పాట లేదు.

ఆ ఏడు నిమిషాలు తీసినప్పుడు నేనూ వెళ్ళాను. సెలవు పెట్టి, ఎర్రటి ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని బస్తాలు విప్పాను.

"మాటల్లేకుండా ఎట్టాగండీ, గురువు గారూ?" అని అడిగాను.

ఆయన తల మీది తువ్వాలు మూతికి చుట్టుకుంటూ అన్నారు: "మా అమ్మ కాయ తిరగేసేటప్పుడు ఒక్క మాట మాట్లాడేది కాదురా. నోరు తెరిస్తే దగ్గే. మిరపకాయ దగ్గర ఎవురు కబుర్లు చెప్పుకుంటారు? ఆ గలగల విను, చాల్లే."

ఎండిన కాయలోపల గింజలు చేసే ఆ సన్నటి గలగలే ఆ ఏడు నిమిషాలకూ సౌండు.

సినిమా మొట్టమొదట మా హాల్లోనే పడింది. ఆయన సాయంత్రం ఫస్ట్ షోకి ఇంటావిడనీ, బంధువులనీ తీసుకుని వస్తామన్నారు. మార్నింగ్ షో నేను ఒక్కడినే నడిపాను. మొదట్లో వీపులు కుదురుగానే ఉన్నాయి. కాయ ఆరబోసే చోటు వచ్చేసరికి మా పాత స్పీకర్లలోంచి ఆ గలగల వినపడనే లేదు. సౌండు పోయిందనుకున్నారు జనం. "ఒరేయ్ ఆపరేటరూ, సౌండు పెట్టరా!" అని ఒకడు అరిచాడు. తర్వాత హాలంతా అరిచింది. కాగితం ఉండలు తెరకు తగిలాయి. ఎవరో పైకొచ్చి క్యాబిన్ తలుపు బాదారు. షో అయ్యాక హాలు ఓనరు గారు, "ఏందయ్యా ఇది? ఏదో ఒకటి చెయ్యి" అని వెళ్ళిపోయారు.

ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న మాట ఏమిటంటే, సాయంత్రం బంధువుల ముందు ఆయనకు అవమానం జరగకూడదని ఆ పని చేశానని. అది సగమే నిజం. ఆ అరుపుల్లో నాకు ఆయన మీద జాలి కలగలేదు. ఆయన శిష్యుణ్ణని ఊరందరికీ తెలుసు కదా అని సిగ్గేసింది. వాళ్ళ అమ్మ సంగతి చెప్పిన మనిషిది చాదస్తం అని, పక్కనే కూర్చుని విన్న నేనే అనుకున్నాను. మ్యాట్నీకి ముందు ఆ ఏడు నిమిషాలనూ కత్తిరించాను. అతుకు శ్రద్ధగా వేశాను. మ్యాట్నీకి పదిమంది కూడా లేరు, ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం హాలు నిండింది. వాన వచ్చింది, బస్తాలు తడిశాయి, డ్రైవరు ఆకాశం వైపు చూశాడు. మరుక్షణం లారీ గుంటూరు యార్డులో ఉంది. బస్తాల్లో కాయ ఎర్రగా మెరిసిపోతోంది. డ్రైవరూ ఆమే ఒకే గ్లాసులో టీ పంచుకుంటున్నారు. హాల్లో కూర్చున్నది మిరప రైతులు. మిగతా ఏ తప్పయినా క్షమిస్తారేమో గాని, దీన్ని క్షమిస్తారా?

"తడిసిన కాయ ఎట్టా ఆరిందిరా?" అని ముందు వరసలోంచి ఒక కేక వినపడింది.

"లారీలో ఫ్యాన్ ఉందేమోలే!" అన్నాడు ఇంకొకడు.

నవ్వులు ఆగలేదు. చివర్లో ఆమె యార్డు గేటు దగ్గర ఒంటరిగా నిలబడినప్పుడు కూడా నవ్వారు. బాల్కనీ రెండో వరసలో మస్తాన్ గారి వీపు నాకు బాగా కనిపిస్తోంది. నిటారుగా ఉంది. చివరిదాకా ఒక్కసారి కూడా కదల్లేదు.

జనం వెళ్ళిపోయాక ఆయన క్యాబిన్‌లోకి వచ్చారు. నన్నేమీ అడగకుండా ఆ రీలు తీసి, రెండు వేళ్ళ మధ్య ఫిల్ము జార్చుకుంటూ పోయారు. ఒకచోట వేళ్ళు ఆగాయి. అతుకు మీద బొటనవేలు మెల్లగా రాశారు. అటుపక్క మూల, ఇటుపక్క మూల.

"మధ్యలో ముక్క ఏదిరా?"

"పెట్టె అట్టాగే వచ్చిందండీ" అన్నాను. నా గొంతు వణకను కూడా లేదు.

ఆయన రీలును మళ్ళీ చుట్టి మెషీను పక్కన పెట్టారు. తర్వాత, "ఎక్కడన్నా పడిపోయిందేమో చూడరా శేషూ. దొరికితే రేపు మ్యాట్నీకి అతికించు" అని మెట్లు దిగి వెళ్ళారు.

ఆ ముక్క నా వెనక బల్ల కింద డబ్బాలోనే ఉంది. తీస్తే నా అబద్ధం బయటపడుతుందని తీయలేదు. నాలుగో రోజు సినిమా ఎత్తేశారు. ఉన్నది ఒకటే ప్రింటు. అది అలాగే, ఆ ముక్క లేకుండానే, మిగతా ఊళ్ళకు వెళ్ళింది. ప్రతి ఊళ్ళోనూ మిరప రైతులే. ప్రతి ఊళ్ళోనూ అదే కేక, అదే నవ్వు.

మస్తాన్ గారు మళ్ళీ సినిమా మాట ఎత్తలేదు. చీమకుర్తిలో గ్రానైటు రాళ్ళ లారీకి డ్రైవరుగా వెళ్ళారు. ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా టీ కొట్టు దగ్గర ఎవడో ఒకడు, "ఏం మస్తానూ, తడిసిన కాయ ఆరిందా?" అనేవాడు. ఆయన చిన్నగా నవ్వి టీ తాగేవారు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. నలుగురితో పాటు నేనూ నవ్వాను. ఇది రాయడానికి నాకు కత్తిరింపు సంగతి రాయడం కంటే ఎక్కువ కష్టమైంది. గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకుని ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. ఏడెనిమిదేళ్ళ కిందట గుండె ఆగి పోయారు. నేను పాడె మోశాను.

ఆ తర్వాత జరిగిందే విచిత్రం. ఆ పాత ప్రింటు నుంచి ఎప్పుడో ఎక్కించిన వీడియో కాపీ ఒకటి కుర్రకారు ఫోన్లలోకి చేరింది. తెల్లవారేసరికి అన్నట్టు 'యార్డు దాకా' గొప్ప సినిమా అయిపోయింది. రోడ్ మూవీ అంటే ఇదీ అన్నారు. లారీ బొమ్మతో బనియన్లు వేసుకున్నారు. ఆ ఒక్క అంగలో వాన నుంచి యార్డుకు దూకిన ధైర్యం ఏ దర్శకుడికీ లేదని ఒక కాలేజీ లెక్చరరు పెద్ద వ్యాసం రాశాడు. నా బ్లేడు పనికి అంత అర్థం ఉందని చదివి, నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ కుర్రాళ్ళే ప్రింటును వెతికి పట్టుకుని, దాన్ని బాగు చేయిస్తూ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. పాపం, మర్యాదగా అడిగారు. నేను ట్రంకు పెట్టెలోంచి ఆ డబ్బా తీసి ఇచ్చాను. ఫిల్ము ముక్క పారేయకూడదన్న మాట ఒక్కటైనా పాటించాను మరి. వాళ్ళు డబ్బా తెరిచి చూసి నా కాళ్ళకు దండం పెట్టారు. "ఇన్నేళ్ళు దాచారా సార్!" అన్నారు. ఎందుకు దాచానో అడగలేదు. నేను చెప్పలేదు.

పోయిన నెల మా ఊరి కల్యాణ మండపంలో ఆ సినిమా మొత్తం వేశారు. ఆటకు ముందు నన్ను వేదిక మీదికి పిలిచి, గురుభక్తి అంటే ఇదీ అంటూ శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు. ముందు వరసలో మస్తాన్ గారి భార్య ఖాసింబీ గారు ఉన్నారు. "ఆయన నా గురువు" అన్నాను. మిగతాది చెప్పకుండానే మైకు తిరిగిచ్చేశాను. గొంతు పూడుకుపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆ ఏడు నిమిషాలు వచ్చాయి. కొత్త స్పీకర్లలో కాయల గలగల మండపమంతా పరుచుకుంది. నేను వెనక నిలబడి వీపులు చూశాను. ఒక్క వీపూ కదల్లేదు. ఎవరో ముసలావిడ పక్కావిడతో, "అవునమ్మా, నోరు తెరిస్తే దగ్గొస్తది. అందుకే మాట్టాడుకోవట్లా" అనడం వినిపించింది. అంతే. నేను చాదస్తం అనుకున్నది ఆవిడకు ఒక్క చూపులో అర్థమైంది.

వారం తర్వాత వేటపాలెం వెళ్ళాను. ఖాసింబీ గారు అక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. వాకిట్లో చాప మీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తున్నారు. నేనూ కింద కూర్చుని, మొదటి నుంచీ మొత్తం చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు.

"తెలుసు నాయనా" అన్నారు. "ఆ రోజు ఇంటికొస్తానే చెప్పాడు. శేషుగాడే కోశాడే, మూలలు కత్తిరించాడు, అతుకు మాత్రం నాకంటే బాగా వేశాడు అన్నాడు."

"కోపం రాలేదా అమ్మా, ఆయనకి?"

"రాకుండా ఉంటదా? మూడు రోజులు అన్నం సరిగ్గా తినలా. నువ్వొస్తావని వాకిట్లోనే కుర్చీ ఏసుకుని కూర్చున్నాడు. వాడు పిల్లి అడుగులేసుకుంటా వస్తాడు చూడు, నేనేం అనను, ముక్క అతికిస్తే చాలు అన్నాడు."

"తర్వాత?"

"తర్వాత కుర్చీ లోపలేసుకున్నాడు."

ఆవిడ చేటలోని పొట్టు ఊదేసి, నా వైపు మొదటిసారి సూటిగా చూశారు.

"నాకు చెప్పి ఏం లాభం నాయనా? నేనేమన్నా నవ్వానా? ఆయన్ని చూసి నవ్వినోళ్ళకి చెప్పుకో పో."

నవ్విన వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళు కొందరు టీ కొట్టు దగ్గర కూర్చుంటారు. నిన్న పొద్దున వెళ్ళి, నిలబడే చెప్పాను. ఒకాయన వినపడలేదన్నాడు, మళ్ళీ గట్టిగా చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. మిగతా ఊళ్ళ వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళే ఓపిక నాకు లేదు గనుక ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా ఆ రోజు ఏ హాల్లోనైనా నవ్వి ఉంటే, అది మీ తప్పు కాదు. ఆ కాయ రెండు రోజులు ఎండలో ఆరింది. మస్తాన్ గారు దగ్గరుండి ఆరబెట్టించారు, బస్తాలు విప్పింది నేనే. ఆ ఎండను కత్తిరించి డబ్బాలో పెట్టింది కూడా నేనే.