బత్తాయి తొక్కల సంచి

ఉప్పల్‌లో మెట్రో దిగగానే బత్తాయి తొక్కల వాసన ముక్కుకు తగిలింది. జ్యూస్ బండి పక్కన గోనెసంచి నిండుగా ఉంది. వసంత మేడం గుర్తొచ్చి అక్కడే ఆగాను.

కాలేజీలో మాకు కెమిస్ట్రీ చెప్పిన మనిషి ఆవిడ. నాచారంలో నికెల్ పూత వేసే చిన్న ఫ్యాక్టరీ నుంచి పచ్చటి మురుగునీళ్లు క్యాన్లలో తెప్పించేది. మేం జ్యూస్ బండ్ల తొక్కలు తెచ్చి, ముక్కలు కోసి, కడిగి ఎండబెట్టేవాళ్లం. వాటిని ఆ నీళ్లలో వేసి కలియబెడితే పచ్చదనం తగ్గేది. మొదటిసారి నీళ్లు తేటపడ్డప్పుడు మేం చప్పట్లు కొట్టాం. మేడం మాత్రం గోళ్లు కొరుక్కుంటూ తిరిగింది. "నికెల్ ఏడికి పోయింది? తొక్కలకే పట్టింది గదా. ఇప్పుడు గీటిని ఏం జేద్దాం?" అంది. వాడిన తొక్కలు ఆరబెట్టి, సంచిలో కట్టి, షెడ్డులో పెట్టాం.

సోమవారం వచ్చేసరికి సంచి లేదు. పీర్జాదిగూడ నుంచి మల్లేశన్న తన బర్రెల కోసం జ్యూస్ బండ్ల తొక్కలు పట్టుకుపోతుంటాడు. మా దగ్గర వాడకుండా మిగిలినవీ తీసుకెళ్లమని చెప్పింది మేడమే. ఆ సంగతి తట్టగానే ఆవిడ మొహం పాలిపోయింది. "పా, బండి తియ్యి" అంది. దారంతా వెనక కూర్చుని నా భుజం నొక్కుతూనే ఉంది. "ఆ పాలు పిల్లలు తాగుతరే."

మేం వెళ్లేసరికి తొక్కలు తొట్టిలో పడ్డాయి. మేడం కుచ్చెళ్లు దోపుకుని తొట్టికీ బర్రెకూ మధ్య దూరింది.

"ఏందమ్మా, నీళ్లు సాఫ్ జేసే తొక్కలే గదా," అన్నాడు మల్లేశన్న. "మంచివే అనుకున్న."

"నీళ్లు సాఫైనయన్నా. అందుకే తొక్కలు ఖరాబైనయ్."

బర్రె ఓ బుక్క తిన్నదో లేదో అతనూ చెప్పలేకపోయాడు. దాని పాలు అమ్మొద్దని మేడం దండం పెట్టింది. అతను ఆ పాలు పిండి పారబోశాడు. తొట్టిలోని తొక్కలన్నీ మేం సంచికెత్తి వెనక్కి తెచ్చాం. బర్రెకేం కాలేదు గానీ, మేడం చాన్నాళ్లు కాలేజీ అవగానే వెళ్లి దాన్ని చూసొచ్చేది.

ఫ్యాక్టరీ ఓనర్ తన మురుగునీళ్లన్నీ ఇలాగే శుభ్రం చేద్దామని తొందరపెట్టాడు. "రేపే మొదలువెడదాం మేడం. తొక్కలు చెత్తబండికేద్దాం."

"ఆ సంచికి జాగ దొరికేదాకా సుక్క నీళ్లు గూడ పొయ్య," అంది మేడం. తొక్కల్ని యాసిడ్‌తో కడిగి నికెల్ వెనక్కి తీసే పని పట్టుకుంది. అది పూర్తిగా కుదరకముందే జబ్బుచేసి పోయింది. అంత తొందరగా పోయినందుకు నాకిప్పటికీ ఆవిడ మీద కోపమే.

ఇప్పుడు నేను నాచారంలో ఓ ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధి చూస్తాను. తేటనీళ్లు చూపిస్తే సంతోషించడం నాకు చేతకాదు. అడుగున చేరిన మడ్డి ఏ బండెక్కుతుందో, ఎక్కడ దిగుతుందో తెలిసేదాకా అన్నం సహించదు. ఇందాక జ్యూస్ బండి దగ్గరా నోరు ఊరుకోలేదు.

"అన్నా, ఈ సంచి ఏడికి పోతది?"

"బర్రెలకమ్మా. ఇప్పుడే పిండిన తొక్కలు."

అప్పుడు గ్లాసు అందుకున్నాను.