పూతలో కోసిన ఉలవలు

మా మేనత్త పోయిందన్న కబురు తెల్లవారుతుండగా ఫోనులో వచ్చింది. ఏడుస్తూ చెప్పిన మామ, ఫోను పెట్టేముందు ఇంకో మాట అన్నాడు. "ఉలవలు పూతకొచ్చినాయమ్మా. ఇంగ ఎవరు కోస్తారు?" అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. అత్తతో కాపురం చేసిన మనిషికి ఆ దిగులు రాకపోతేనే వింత.

అత్త శ్రీనివాసపురం వైపు రైతుబిడ్డ. కోలారు బంగారు గనులు సర్కారువయ్యాక అక్కడ గుమాస్తాగా చేరిన మామను చేసుకుని కె.జి.ఎఫ్. క్వార్టర్సుకు వచ్చింది. ఆ పెరట్లో ఉన్నది మట్టా? బంగారం తీసేశాక గనులవాళ్లు పారబోసిన సైనైడు దిబ్బల మీది నుంచి గాలికి కొట్టుకొచ్చిన తెల్ల దుమ్ము. గోంగూర కూడా మొలిచేది కాదు. చివరి వానలకు అత్త పెరడంతా ఉలవలు చల్లింది. చలికాలమంతా నేల పచ్చగా కప్పుకుని ఉంది. తీరా పూత పట్టగానే మొత్తం కోసి, అక్కడే మట్టిలో కలిపేసింది.

పక్కింటి తమిళామె గుండెలు బాదుకుంది. "పూతమీద కోస్తావా అక్కా? పాపం! నాలుగు దినాలు ఆగితే కాయలొస్తాయి, చారు కాచుకోవచ్చు గదా!"

"మనకు ఉలవలు సంతలో దొరుకుతాయమ్మా. నేలకు యాడ దొరుకుతాయి?" అంది అత్త, చెయ్యి ఆపకుండా.

ఏటా అదే పని. "దాని కడుపు నిండినాకనే మన కడుపు" అనేది. కొన్ని చలికాలాలు గడిచాక ఆ పెరట్లో వంకాయలు కాశాయి. అంత లేత వంకాయ బంగారుపేట సంతలో కూడా లేదని నేను బళ్లో గొప్పలు చెప్పుకునేదాన్ని. ఇప్పుడు మీతోనూ చెబుతున్నాను. ఊరంతా బంగారం తవ్వుకుంటుంటే మా అత్త మట్టిని సంపాదించింది. ఆమె మేనకోడలినని చెప్పుకోవడం నాకు గర్వం.

అత్తను సాగనంపి వచ్చేసరికి పెరడంతా లేత పసుపు పూత. మైల ఇంట్లో కొడవలి పట్టరాదన్నారు పెద్దలు. మైల తీరేలోగా పూత కాయలైపోతుంది, సత్తువంతా గింజల్లోకి పోతుంది, ఆమె ఆఖరి పైరు నేలకు దక్కదు. మామ గడపలో కూర్చుని ఆ పూతనే చూస్తున్నాడు.

సాయంత్రం పక్కింటామె కొడవలితో కంచె దాటి వచ్చింది. ఇప్పుడు ముసలిదైంది. వెనకాల పార పట్టుకుని ఆమె కోడలు.

"మైల మీకుండాది, నాకు లేదు గదన్నా," అంది మామతో. "అక్క నేలను పస్తు పెడతామా?"

ఆమె వంగి కోస్తుంటే కోడలు ఆ కోతను మట్టిలోకి తిరగేస్తూ వచ్చింది. మామ లేచి నిలబడ్డాడు. పొద్దు గూకే వేళకు పెరడంతా నల్లమట్టి, అందులోంచి అక్కడక్కడా పైకి కనబడుతున్న పసుపు పూలు.